కాఫీ మొద్దులు కాల్చేముందు: కాండం పురుగును తినే కందిరీగలను పట్టి తోటలోకి వదలడం ఎలా?

సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కితే కొరాపుట్ జిల్లా. పొట్టంగి, సెమిలిగుడ, నందపూర్ చుట్టుపక్కల కొండవాలుల్లో కాఫీ పెంచుతున్న మన తెలుగువాళ్ల కోసం, ఆ తోటల్లో పని చూసుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. పండు కోత అయ్యాక ఏటా చేసే పని ఒకటుంది. పురుగు పట్టిన మొక్కల్ని వెతకడం, పీకడం, కుప్పేసి కాల్చడం. అది మానకూడదు. కానీ ఆ పురుగును తిని బతికే సన్నని కందిరీగలు కూడా ఉన్నాయి. వాటి పిల్లలు పెరిగేది అదే మొద్దులో, అదే సొరంగంలో. మంట పెట్టినప్పుడు అవీ పోతాయి.

అందుకని కుప్పలోంచి కొన్ని మొద్దులు పక్కకు తీసి, జాలీ బిగించిన డ్రమ్ములో పెట్టండి. కాండం పురుగులు పెరిగి పెంకు పురుగులుగా మారినా బయటికి రాలేవు. కందిరీగల్ని మీరు చేత్తో పట్టి తోటలోకి వదలొచ్చు. మీ తోటలో ఈ మిత్రులు అసలు ఉన్నాయో లేదో కూడా తేలిపోతుంది. నా దృష్టిలో ఇదే పెద్ద లాభం. ఏముందో తెలియకుండా మందు కొట్టడం కన్నా, చూసి నిర్ణయించుకోవడం మేలు.

ఒక మాట ముందే చెప్పాలి. కందిరీగల్ని నమ్ముకుని మొక్కలు పీకడం ఆపేస్తే తోట మిగలదు. ఇవి మీ పనికి సాయం మాత్రమే.

పురుగు ఎప్పుడు ఎక్కడ ఉంటుంది

తెల్ల కాండం పురుగు శాస్త్రీయ నామం జైలోట్రెకస్ క్వాడ్రిపెస్. దీనికి ఇష్టమైనది అరబికా రకం కాఫీ. రొబస్టా జోలికి పెద్దగా పోదు. పెద్ద పురుగు నల్లగా, సన్నగా, రెక్కల మీద తెల్ల చారలతో ఉంటుంది. ఏడాదికి రెండుసార్లు బయటికొచ్చి ఎగురుతుంది. ఒకటి ఏప్రిల్, మే నెలల్లో, రెండోది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. మీ ఎత్తును బట్టి, వానను బట్టి కాస్త అటూ ఇటూ అవుతుంది. ఎండ తగిలే కాండం మీద, బెరడు పగుళ్లలో గుడ్లు పెడుతుంది. నీడ పల్చబడిన చోట పురుగు ఎక్కువగా కనిపించడానికి కారణం ఇదే.

గుడ్డు వారం, పది రోజుల్లో పగులుతుంది. పిల్ల పురుగు మొదటి రెండు నెలలు బెరడు కిందే తిరుగుతూ తింటుంది. అప్పుడే కాండం మీద గట్లు గట్లుగా ఉబ్బు కనిపిస్తుంది. తర్వాత గట్టి చెక్కలోకి దిగి, తన వెనక పొట్టును గట్టిగా కూరుకుంటూ పోతుంది. కొన్నిసార్లు వేరు దాకా వెళ్తుంది. గుడ్డు నుంచి పెంకు పురుగు అయ్యేదాకా దాదాపు ఏడాది పడుతుంది. ఏడెనిమిదేళ్ల లోపు మొక్క అయితే ఒక్క ఏడాదిలోనే చచ్చిపోవచ్చు. ముదురు మొక్క కొన్నేళ్లు తట్టుకుంటుంది గానీ కాపు పడిపోతుంది.

బెరడు కింద ఉన్న ఆ రెండు నెలలు గుర్తుపెట్టుకోండి. కొన్ని కందిరీగలకు పురుగు అందేది అప్పుడే.

వచ్చే కందిరీగలు ఎలా ఉంటాయి

కందిరీగ అనగానే చూరుకు గూడు కట్టి, దగ్గరికెళ్తే కుట్టే పసుపు రంగు ఈగ గుర్తొస్తుంది. ఇవి అవి కావు. చాలావరకు బియ్యపు గింజంత, అంతకన్నా చిన్నవి. గుంపుగా గూళ్లు కట్టవు. ఒంటరిగా తిరిగి, పురుగును వెతికి, దాని మీదో లోపలో గుడ్డు పెట్టి పోతాయి. గుడ్డులోంచి వచ్చిన పిల్ల పురుగును తిని పెరుగుతుంది.

మీ డ్రమ్ములో రెండు రకాలు కనిపించే అవకాశం ఎక్కువ. మొదటిది బెథిలిడ్ కుటుంబం. వీటిలో కొన్నింటి ఆడవాటికి రెక్కలుండవు. చూస్తే చీమే అనుకుంటారు. తల చదునుగా, పొడుగ్గా ఉంటుంది. ఇవి చెక్కను తొలవవు, పగుళ్లలోంచి సొరంగంలోకి దూరి నడిచి వెళ్తాయి. పురుగును కుట్టి కదలకుండా చేసి, ఒంటి మీద గుడ్లు పెడతాయి. కాఫీ కాండం పురుగు మీద బతికే ఇలాంటి ఒక జాతికి శాస్త్రవేత్తలు పడమటి కనుమల పేరు మీద ఎపెనీసియా సహ్యాద్రికా అని పేరు పెట్టారు. మన తూర్పు కొండల్లో మీ తోటలో ఏది ఉందో మీ డ్రమ్మే చెప్పాలి.

రెండోది బ్రాకోనిడ్ కుటుంబం. వీటికి రెక్కలుంటాయి. ఆడదాని వెనక తోకలా పొడవైన సూది ఉంటుంది. అది కుట్టడానికి కాదు, గుడ్డు పెట్టడానికి. కాండం మీద నెమ్మదిగా నడుస్తూ, మీసాలతో తడుముతూ, లోపల పురుగున్న చోటు పసిగట్టి సూదిని బెరడులోంచి దించుతుంది. చెక్కను తొలిచే కందిరీగల్లో కొన్నింటి సూది కొసన జింకు, మాంగనీసు చేరి గట్టిపడి ఉంటుందని పరిశోధకులు చూశారు. ఇంత తేలికైన ప్రాణి చెక్కలోకి సూది దించుతోందంటే వెనక ఆ లోహబలం ఉంది.

సూది ఎంత పొడవో అంత లోతుకే అందుతుంది. అమెరికాలో యాష్ చెట్లను చంపుతున్న పచ్చ పెంకు పురుగును 2002లో గుర్తించారు. 2007 నుంచి దాని మీదికి చైనా నుంచి తెచ్చిన కందిరీగల్ని వదిలారు. వాటిలో ఒకటి బాగా స్థిరపడింది కానీ సూది పొట్టిది కావడంతో బెరడు పల్చని లేత చెట్లలోనే పనిచేసింది. లావు చెట్ల కోసం, సూది పొడుగున్న ఇంకో జాతిని 2015 నుంచి వదలాల్సి వచ్చింది. మన కాఫీలోనూ అంతే. చెక్క లోతుకు దిగిన పురుగు ఈ సూదికి అందదు, దాని దగ్గరికి సొరంగంలో నడిచి వెళ్లే చీమలాంటి రకం కావాలి. అందుకే తోటలో ఒక్క రకం కాదు, రెండూ ఉండాలని కోరుకోవాలి.

మొద్దులు ఎంచుకోవడం

ఏడాదికి రెండు విడతలు చేయండి. కోత అయ్యాక, ఏప్రిల్ రాకముందు ఒకటి. సెప్టెంబరులో రెండోది. కోత అయ్యాక ఆకు పల్చబడి కాండం బాగా కనిపిస్తుంది కాబట్టి మొదటి విడత సులువు.

వరసల్లో నడుస్తూ ఆకు పసుపెక్కి వాడిన మొక్కలు, కాండం మీద గట్లు ఉన్నవి, గుండ్రటి కన్నాలున్నవి చూడండి. తోటలో రోజూ పనిచేసే పరజా, గదబ కూలీలకు ఏం వెతుకుతున్నామో చెప్పండి. ప్రతి మొక్కనూ చేత్తో పట్టుకుని కాయ కోసేది వాళ్లే. గట్టు ఉన్న కాండం చేతికి తెలుస్తుంది.

పీకిన మొక్కల్లో డ్రమ్ముకు ఎక్కువ అక్కర్లేదు. వేర్వేరు చోట్ల నుంచి పది, పదిహేను కాండాలు చాలు. మిగతావి మామూలుగానే కాల్చేయండి. వంటచెరుకుగా వాడుకోవాలంటే వారం, పది రోజులు నీళ్లలో పూర్తిగా ముంచి ఉంచాక ఆరబెట్టండి. పచ్చిగా పెరట్లో పేర్చి ఉంచితే మాత్రం, ఏప్రిల్ రాగానే పురుగు అక్కడి నుంచే తోటలోకి ఎగురుతుంది. డ్రమ్ములో పెట్టేవి కూడా పీకిన రోజే పెట్టాలి, మర్నాటికి వాయిదా వద్దు.

పాత ఎగిరిపోయిన కన్నాలు మాత్రమే ఉండి, లోపల డొల్లగా ఉన్నవి వద్దు. గట్లు తాజాగా ఉన్నవి, కోస్తే లోపల పొట్టు కనిపిస్తున్నవి తీసుకోండి. కాండాన్ని మూరెడు పొడవు ముక్కలుగా రంపంతో కోయండి. కత్తితో నరికితే చెక్క చీలి, లోపలి గూళ్లు నలిగిపోతాయి. కోసిన కొసలకు కరిగించిన కొవ్వొత్తి మైనం పూయండి. పూయకపోతే చెక్క త్వరగా ఎండిపోయి, పురుగుతో పాటు దాన్ని తింటున్న పిల్ల కూడా చస్తుంది. ప్రతి ముక్కకూ ఒక చీటీ కట్టి, తోటలో ఏ భాగం, ఏ తేదీ అని పెన్సిలుతో రాయండి.

అరకు నుంచో, ఇంకో ఊరి తోట నుంచో పురుగు పట్టిన మొద్దులు తెచ్చి ఈ పని చేయకండి. కందిరీగలు వస్తాయో రావో గానీ కొత్త పురుగు మాత్రం వస్తుంది. ఏ తోట మొద్దులు ఆ తోటలోనే.

డ్రమ్ము తయారీ

200 లీటర్ల పాత డ్రమ్ము కావాలి. సాలూరులో లారీ షెడ్ల దగ్గర అడిగితే దొరుకుతుంది. ఆయిల్ డ్రమ్ము అయితే సోడా, వేడినీళ్లతో కడిగి వాసన పోయేదాకా ఎండలో పెట్టండి. పురుగుమందు పోసిన డ్రమ్ము ఎంత కడిగినా తీసుకోవద్దు.

పై మూతి మొత్తానికి ఇనుప జాలీ బిగించండి. కన్నం 2 మిల్లీమీటర్లకు మించకూడదు. దోమతెర గుడ్డ, నైలాన్ జాలీ పనికిరావు. చెక్కను నమిలే దవడలు ఉన్న పురుగుకు నైలాన్ ఒక లెక్క కాదు. అంచుల్లో ఎక్కడ సందు కనిపించినా ఎం-సీల్‌తో పూడ్చండి. జాలీ మీద గోనె సంచి కప్పండి. గాలి ఆడుతుంది, లోపల చీకటిగా ఉంటుంది.

ఇప్పుడు డ్రమ్ము పక్కన, పైకి దగ్గరగా, పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ డబ్బా మూతి పట్టేంత కన్నం చేయించండి. వెల్డింగ్ షాపులో అయిదు నిమిషాల పని. డబ్బాను కొద్దిగా పైకి వాలేలా దూర్చి చుట్టూ సీల్ చేయండి, కానీ రోజూ తిప్పి తీసుకునేలా ఉండాలి. చీకటి డ్రమ్ములో పుట్టిన ప్రాణి వెలుతురు ఉన్న వైపు వస్తుంది. ఒకే ఒక్క వెలుగు ఆ డబ్బాలో ఉంటుంది కాబట్టి పెంకు పురుగైనా, కందిరీగైనా అందులోకే చేరతాయి. డబ్బాలో నలిపిన కాగితం ముక్క ఒకటి వేయండి. చిన్నవి దాని మడతల్లో దాక్కుంటాయి.

డ్రమ్ము అడుగున రెండంగుళాల ఇసుక పోసి కాస్త తడపండి. ముక్కల్ని నిలువుగా, ఒకదానికొకటి తగలకుండా నిలబెట్టండి. కిక్కిరిసి నింపితే బూజు పడుతుంది.

ఇక చీమల సంగతి. ఈ పద్ధతిని పాడుచేసేది పురుగు కాదు, చీమలు. డబ్బాలో చేరిన కందిరీగల్ని తెల్లారేసరికి ఊడ్చేస్తాయి. డ్రమ్మును మూడు రాళ్ల మీద నిలబెట్టి, ఒక్కో రాయినీ నీళ్లున్న పళ్లెంలో పెట్టండి, పాలగిన్నెను చీమలు పట్టకుండా నీళ్లపళ్లెంలో పెట్టినట్టు. నీళ్లు ఎండిపోకుండా చూసుకోండి. డ్రమ్ముకు ఆనుకుని గడ్డి గానీ కొమ్మ గానీ లేకుండా చూడండి, ఒక్క గడ్డిపరక వంతెన చాలు.

డ్రమ్మును తోటలోనే, గట్టి నీడలో, వాన పడని చోట పెట్టండి. ఎండ పడితే ఇనుము కాలి లోపలివన్నీ ఉడికిపోతాయి. ఇంట్లో మాత్రం పెట్టొద్దు. చీమలాంటి బెథిలిడ్ రకం మనిషిని కూడా కుట్టగలదు. దద్దురు, దురద వస్తాయి. కందిరీగ కుడితే ఒళ్లంతా వాచే అలర్జీ ఉన్నవాళ్లు ఈ పని ఇంకొకరికి అప్పగించండి.

రోజూ చూసేది

పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి డబ్బా చూడండి. ఏప్రిల్ మొదలయ్యాక ఏ రోజూ వదలకూడదు. ఎక్కువ రోజులు డబ్బాలో ఉంటే కందిరీగలు ఆకలితో చస్తాయి. డబ్బా గోడకు సగం తేనె, సగం నీళ్లు కలిపి తడిపిన దూది చిన్నది అంటించండి. దూది కారకూడదు, కారితే అందులోనే అంటుకుపోతాయి.

పెంకు పురుగు కనిపిస్తే సబ్బునీళ్లలో వేయండి. జాలీ లోపలి వైపు కూడా గోనె ఎత్తి చూడండి. లోపల తిరుగుతున్న పెంకు పురుగులు జతకట్టి అదే మొద్దుల మీద మళ్లీ గుడ్లు పెట్టగలవు, అందుకే వదిలేయకూడదు.

వారానికోసారి ఇసుక మీద కొద్దిగా నీళ్లు చిలకరించండి. మొద్దుల మీద వద్దు. బూజు కనిపిస్తే రెండు రోజులు నీళ్లు ఆపండి.

ఒక నోటుబుక్కు పెట్టుకోండి. తేదీ, పెంకు పురుగులు ఎన్ని, కందిరీగలు ఎన్ని, ఏ రకం, అంతే. మొబైల్‌లో దగ్గరి నుంచి ఫొటో తీసి పెట్టుకుంటే తర్వాత పోల్చుకోవడానికి పనికొస్తుంది.

చీమా, కందిరీగా?

ఇక్కడే చాలామంది పొరపడతారు. డబ్బాలో రెక్కల్లేని చిన్న ప్రాణి కనిపించగానే చీమ అని నలిపేస్తారు. చీమ నడుము దగ్గర చూడండి, పైకి లేచిన చిన్న ముడి ఒకటో రెండో ఉంటాయి. కందిరీగకు ఆ ముడి ఉండదు. చీమ మీసం మోచేయిలా మధ్యలో వంగి ఉంటుంది, మొదటి భాగం చాలా పొడవు. బెథిలిడ్ మీసంలో మొదటి భాగం అంత పొడుగుండదు. చీమలైతే వరసగా, ఒకదాని వెనక ఒకటి వస్తాయి. కందిరీగ ఒంటరిగా, కంగారు లేకుండా గోడ పట్టుకుని తిరుగుతుంది. భూతద్దం ఒకటి కొనుక్కోండి. పది రెట్లు పెద్దగా చూపించేది స్టేషనరీ షాపుల్లో దొరుకుతుంది.

ఇంకో సంగతి. ఎర్రటి, నీలిరంగు పట్టీలతో, ఒళ్లంతా సన్నని నూగు ఉన్న చురుకైన పెంకు పురుగు వస్తే దాన్ని చంపే ముందు ఆగండి. అది క్లెరిడ్ కుటుంబానిది కావచ్చు. దాని పిల్లలు సొరంగాల్లో తిరిగి కాండం పురుగుల్ని తింటాయి. అదీ మిత్రుడే.

కొన్ని మొద్దుల్ని చీల్చి చూడండి

డ్రమ్ములో పెట్టినవాటిలో రెండు, మూడు ముక్కల్ని నెల తర్వాత తీసి చీల్చండి. నిజానికి ఎక్కువ నేర్చుకునేది ఇక్కడే. చిన్న గొడ్డలి అంచును పొడవు దిశలో పెట్టి పైన తేలికగా కొడితే చెక్క రెండుగా విడిపోతుంది. సొరంగం పొట్టుతో నిండి ఉంటుంది. అగ్గిపుల్లతో మెల్లగా పొట్టు తీస్తూ వెళ్లండి.

ఆరోగ్యంగా ఉన్న పురుగు మీగడ రంగులో, బిగువుగా, ముట్టుకుంటే కదులుతూ ఉంటుంది. కందిరీగ కుట్టిన పురుగు కదలదు, మెత్తబడి ఉంటుంది, కానీ కుళ్లదు. దాని ఒంటి మీద తెల్లటి గసగసాల్లాంటి గింజలు అంటుకుని ఉంటే అవి గుడ్లు గానీ చిన్న పిల్లలు గానీ. కొన్నాళ్లు గడిచిన చోట పురుగు ఉండదు. దాని గట్టి తల చిప్ప ఒకటి, ముడతలుపడ్డ తోలు మిగులుతాయి. పక్కనే కాగితంలా పల్చని గూళ్లు, తెల్లగానో లేత గోధుమ రంగులోనో ఉంటాయి. ఒక్కోసారి ఒకే పురుగు దగ్గర చాలా గూళ్లు వరసగా పేర్చినట్టు కనిపిస్తాయి.

భ్రమరకీట న్యాయం మనందరం విన్నదే. తుమ్మెద పురుగు చుట్టూ ఝంకారం చేస్తూ తిరిగితే ఆ పురుగే తుమ్మెద అవుతుందని. ఈ సొరంగం చూసినవాళ్లకు అసలు జరిగింది తెలుస్తుంది. పురుగు మారలేదు. దాన్ని తిని పెరిగిన ఇంకొకరి పిల్ల అందులోంచి వచ్చింది. పెద్దలు చూసింది తప్పు కాదు, మధ్యలో జరిగింది వాళ్లకు కనిపించలేదు అంతే.

గూళ్లను పీకొద్దు. రెండు చెక్కలనూ మళ్లీ కలిపి దారంతో కట్టి, డ్రమ్ములోనే పెట్టేయండి. గూళ్లున్నవి అలాగే పొదుగుతాయి.

లెక్క వేసేటప్పుడు ఒక జాగ్రత్త. డబ్బాలో ముప్పై కందిరీగలు, పది పెంకు పురుగులు వచ్చాయి కాబట్టి ముప్పావు వంతు పురుగు చచ్చింది అనుకోకూడదు. ఒకే పురుగు మీద అనేక కందిరీగలు పెరిగే జాతులున్నాయి. చీల్చిన మొద్దుల్లో బతికిన పురుగులు ఎన్ని, తిన్న పురుగులు ఎన్ని అని లెక్కపెట్టండి. అదే అసలు లెక్క.

తోటలోకి వదలడం

డబ్బాలో కందిరీగ కనిపించిన వెంటనే వదలొద్దు. ఒక రోజు ఆగండి. మగవీ ఆడవీ కలిసి ఉండే సమయం అవసరం. కందిరీగ జాతుల్లో జతకట్టని ఆడది పెట్టే గుడ్ల నుంచి సాధారణంగా మగవే పుడతాయి. ఆడపిల్లలు పుట్టాలంటే జతకట్టాలి. రెక్కల్లేని ఆడది, రెక్కలున్న మగది రెండూ డబ్బాలో కనిపిస్తే మంచి గుర్తు.

వదిలేది ఎండ తగ్గాక సాయంత్రం, లేదా మంచు ఆరిన పొద్దున. వాన మబ్బు ఉంటే ఆపండి. పోయిన ఏడాది పురుగు ఎక్కువగా పీకిన భాగానికి డబ్బా తీసుకెళ్లి, మొక్క మొదలు దగ్గర కాండానికి ఆనించి, మూత తీసి అలా వదిలేయండి. దులపొద్దు, అవే బయటికి నడుస్తాయి. రెక్కల్లేనివి ఎంతో దూరం పోలేవు కాబట్టి ఒకే చోట అన్నీ కుమ్మరించకుండా, నాలుగైదు చోట్ల పంచండి.

మొదటిసారి వచ్చినవాటిలో కొన్నింటిని మాత్రం దాచండి. చిన్న సీసాలో స్పిరిట్ పోసి అందులో వేసి, లోపలే పెన్సిలుతో రాసిన చీటీ పెట్టండి. పెన్ను సిరా కరిగిపోతుంది. వాటిని మీ ప్రాంత కాఫీ బోర్డు అధికారికి చూపించండి. మన వైపు కాఫీ బోర్డు ప్రాంతీయ పరిశోధన కేంద్రం చింతపల్లి దగ్గర ఆర్.వి.నగర్‌లో ఉంది. కొరాపుట్‌లోని ఒడిశా కేంద్రీయ విశ్వవిద్యాలయంలో జీవవైవిధ్య విభాగం ఉంది. కీటకాల జాతులు తేల్చే జాతీయ సంస్థ బెంగళూరులోని ఎన్‌బీఏఐఆర్. ఎవరికి చూపించినా ఏ తోటలో, ఏ తేదీన, ఏ మొక్కలోంచి వచ్చిందో చెప్పగలగాలి. ఆ వివరం లేని పురుగుకు విలువ లేదు.

తోటలో నిలవాలంటే

పెద్ద కందిరీగకు తిండి తేనె. పురుగు ఆమె పిల్లలకు. పూలు లేని తోటలో ఆమె త్వరగా చచ్చిపోతుంది. కాఫీ పూత కొద్ది రోజులే కాబట్టి మిగతా కాలానికి ఏదైనా ఉండాలి. తోట అంచుల్లో, దారుల పక్కన కొత్తిమీర, వాము పూతకు వదిలేయండి. వాటి పూలు చిన్నవి, తేనె పైనే ఉంటుంది, చిన్న నోటికి అందుతుంది. అలసంద వేస్తే ఇంకా మేలు. దానికి పువ్వులోనే కాదు, పువ్వు బయట కూడా తేనె గ్రంథులుంటాయి. వలిసెలు మన కొండలకు కొత్త కాదు, తేనెటీగలకు బంగారం. కందిరీగల కోసం అయితే నేను ముందు కొత్తిమీరే వేయమంటాను.

మందుల విషయంలో గట్టిగా ఉండాలి. ఒకప్పుడు కాండానికి లిండేన్ పూసేవారు. వ్యవసాయంలో దాని వాడకాన్ని మన దేశంలో 2013 నుంచి నిషేధించారు. పాత డబ్బా ఎవరి దగ్గరైనా ఉందన్నా తీసుకోకండి. తోటంతా పిచికారీ చేసే ఏ మందైనా ముందు చంపేది ఈ సన్నని ప్రాణుల్నే, ఎందుకంటే అవి బయట తిరుగుతాయి, పురుగేమో చెక్కలో భద్రంగా ఉంటుంది. దాని బదులు చేయాల్సినవి తెలిసినవే. పురుగు ఎగిరే కాలానికి ముందు, ప్రధాన కాండం మీద, లావు కొమ్మల మీద వదులు బెరడును కొబ్బరి పీచుతో రుద్ది తీసేయండి, కత్తితో గీకొద్దు. 200 లీటర్ల నీటికి 20 కిలోల సున్నం కలిపి కాండానికి కొట్టండి. నీడ చెట్లను ఒకేసారి నరకకండి. పురుగు ఎగిరే రోజుల్లో ఫెరమోన్ ఎరలు, అంటే పురుగు వాసనతో ఆకర్షించేవి, పెట్టండి. వీటివల్ల ఆడపురుగులు దొరుకుతాయి.

సంతలో గానీ మందుల షాపులో గానీ ట్రైకో కార్డులు అమ్మజూపితే ఈ పురుగు కోసం కొనొద్దు. ట్రైకోగ్రామా కూడా కందిరీగే, మంచిదే, చెరుకులో వరిలో పనికొస్తుంది. కానీ అది ప్రధానంగా సీతాకోకచిలుకల్లాంటి రెక్కల పురుగుల గుడ్ల మీద బతుకుతుంది. కాఫీ కాండంలో దాగిన పురుగును అది ఏమీ చేయదు.

కింద గుణుపూర్, పర్లాకిమిడి వైపు జీడి తోటలున్నవాళ్లు, మామిడి చెట్లున్నవాళ్లు కూడా ఈ డ్రమ్మునే వాడొచ్చు. అక్కడి పురుగులు చాలా పెద్దవి కాబట్టి మొద్దులు లావుగా కోయాలి, ఎక్కువ నెలలు ఓపిక పట్టాలి. మిగతా పద్ధతి అంతా ఇదే.

ముగించేటప్పుడు

మార్చిలో నింపిన డ్రమ్మును జూన్ చివరిదాకా ఉంచండి. వరసగా రెండు వారాలు డబ్బాలో ఏమీ రాకపోతే విప్పొచ్చు. మొద్దులన్నీ ఆ రోజే కాల్చండి, ఒక్కటి కూడా పక్కన పెట్టొద్దు. ఇసుక తీసి ఎండలో పరవండి. డ్రమ్ము కడిగి, జాలీకి తుప్పు పట్టిన చోటు ఉంటే మార్చి, బోర్లించి పెట్టండి. నోటుబుక్కులో ఏ భాగం మొద్దుల్లోంచి కందిరీగలు ఎక్కువ వచ్చాయో చూసి, సెప్టెంబరులో ముందుగా ఆ భాగం నుంచే ముక్కలు తెచ్చి నింపండి.